మూత్రపిండముల కావలి

మన నడుమునకు కొంచెము పైగా, వెన్నెముకకు ఇరుప్రక్కల, చిక్కుడు గింజ యాకారముగల మూత్రపిండములు రెండు కలవు. ఒక్కొక్కటి పిడికిలియంతయే. అయినను అవి దినమునకు రమారమి 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టి, పనికివచ్చుదానిని మరల రక్తమునకే యిచ్చి, ఒకటి రెండు లీటర్లను మాత్రము మూత్రముగా వెలికి పంపుచున్నవి. ఇట్టి యవయవములకు శత్రువు ఏ త్రోవను వచ్చును? దేహము దాని నెట్లు ఎదుర్కొనును?

శత్రువు తరచుగా మన యింటివాడే. మన ప్రేగులలో నివసించు ఒక సూక్ష్మజీవిని 1885వ సంవత్సరమున థియోడర్ ఎషెరిక్ అను వైద్యుడు వర్ణించెను. ఆయన పేరిటనే దానికి ఎషెరిషియా కోలై అను నామము కలిగినది. ప్రేగులలో నున్నంతకాలము అది సామాన్యముగా కీడు చేయదు. త్రోవ తప్పి మూత్రమార్గమున జొరబడి, మూత్రాశయమునకు, అటనుండి మూత్రనాళములగుండ పైకి ప్రాకెనేని మూత్రపిండమునకు ముప్పు వాటిల్లును. దాని యొడలిపై నూగువంటి పోగులు కలవు. వానితో అది లోపలి గోడలను పట్టుకొని నిలుచును. స్త్రీలకు మూత్రమార్గము పొట్టిదగుటచేత ఈ వ్యాధి వారికే హెచ్చు.

దీనికి మొదటి కావలి మూత్రప్రవాహమే. పారు కాలువలో నాచు నిలువనట్లే, ధారాళముగ వెడలు మూత్రముతో క్రిములు కొట్టుకొనిపోవును. అంతేకాక, మూత్రపిండము తానే ఒక మాంసకృత్తును చేసి మూత్రములో కలుపుచున్నది. టామ్, హార్స్‌ఫాల్ అను శాస్త్రజ్ఞులు 1950లో దానిని వేరుచేసి చూపిరి. క్రిమి తన పోగులతో గోడకు మారుగా దీనిని పట్టుకొని, మోసపోయి, వెలికి పోవును. ఎంత చక్కని యుపాయము!

అయితే ప్రవాహము లేనిచో ఈ కావలి యేమి చేయగలదు? మా నారాయణఖేడ్ ప్రాంతపు ఎండలు అందరు నెరిగినవే. చెమటగా నీరు పోయి, త్రాగునది తక్కువైనచో మూత్రము చిక్కనై, స్వల్పమగును. పాఠశాలలలో తగిన మరుగుదొడ్డి లేనందున ఉదయమునుండి సాయంకాలము వరకు నీరు ముట్టక, వచ్చిన మూత్రమును బిగబట్టుకొను బాలికలు మన పల్లెలలో పెక్కుమంది. ఈ దోషము పిల్లలది కాదు, పెద్దలది.

ప్రవాహమును తప్పించుకొనిన క్రిములకు రెండవ కావలి శ్వేతకణములు. గోడలోని కణములు శత్రువును గుర్తించి, కొన్ని రసాయనముల ద్వారా వార్త పంపును. అంతట శ్వేతకణములు రక్తనాళముల సందులగుండ దూరి వచ్చి క్రిములను మ్రింగును. 1882లో మెచ్నికాఫ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు మెస్సీనా పట్టణమున, నక్షత్రచేప పిల్లలో ముల్లు గ్రుచ్చి చూడగా, మరునాటికి దాని చుట్టు కణములు గుమిగూడి యుండెను. ఈ మ్రింగుడు కణముల పరిశోధనకే 1908లో ఆయనకు, పాల్ ఎర్లిఖ్‌తో కలిపి, నోబెల్ బహుమానము లభించెను. పోరాటములో మడిసిన శ్వేతకణములే చీము. కావుననే వైద్యులు మూత్రమును సూక్ష్మదర్శినితో పరీక్షించి చీముకణములను వెదకుదురు.

ఈ యుద్ధము మూత్రపిండమునందే జరిగినప్పుడు చలితో కూడిన జ్వరము, నడుము ప్రక్కన నొప్పి, వాంతులు కలుగును. సైనికులు పోరిన చేను నలిగినట్లు, శ్వేతకణముల దాడివలన మూత్రపిండమునకును దెబ్బ తగిలి, ఒక్కొక్కప్పుడు మచ్చ మిగులును. మధుమేహమున శ్వేతకణముల బలము తగ్గును. రాయి అడ్డుపడిన యెడల మొదటి కావలియే చెడును. కావున దేహమే చూచుకొనునని జాగు చేయక వైద్యునికడకు పోవలెను. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున 1948లో ఆరియోమైసిన్ వెలువడినదని మనము గర్వింతుము. అట్టి మందులు క్రిముల బలమును త్రుంచును. మిగిలినవానిని ఏరివేయు పని శ్వేతకణములదే. జ్వరము తగ్గినదని మందును నడుమ మానినచో, చావక మిగిలిన క్రిములు మరల పెరుగవచ్చును.

పసిబిడ్డలు నొప్పి యెక్కడనో చెప్పలేరు. వారిలో ఈ వ్యాధికి కారణము తెలియని జ్వరమే ఏకైక చిహ్నమై యుండవచ్చును. అప్పుడు వైద్యుడు బిడ్డ మూత్రమును తెమ్మనిన, తల్లులు వింతపడ నక్కరలేదు.