వస్తే చేప, పోతే గుండు

కొండకు వెంట్రుక కట్టి లాగు, వస్తే కొండ, పోతే వెంట్రుక అన్నారు పెద్దలు. రాళ్ల మీద గాలం వేసి బతికేవారికి ఇంతకు మించిన పాఠం లేదు. చిక్కేమిటంటే, మనలో చాలామంది గాలంలో ఆ వెంట్రుకే ఉండదు. పైనుంచి కిందిదాకా ఒకే దారం, ఒకే బలం. సీసం గుండు రాతి సందులో ఇరుక్కుంటే ఆ దారం ఎక్కడ తెగుతుందో ఎవరికీ తెలియదు. పైన తెగిందా, గుండుతోపాటు గాలాలూ, ఎరా, బారల కొద్దీ దారమూ పోతాయి. ఎర మింగిన చేప ఉంటే అదీ పోతుంది.

విశాఖ తీరంలో యారాడ, డాల్ఫిన్స్ నోస్ మొదలుకొని భీమిలి వైపు వెళ్తే, కొండలు సముద్రంలోకి దిగిన చోటల్లా నీటి అడుగున బండలుంటాయి. పీతలూ చిన్న చేపలూ ఆ సందుల్లోనే తిరుగుతాయి, వాటి కోసం పెద్ద చేపా అక్కడికే వస్తుంది. కాబట్టి రాళ్లను తప్పించుకు తిరగలేం. చేయగలిగింది ఒక్కటే: ఏది పోవాలో ముందే మనం నిర్ణయించడం.

బలానికి మూడు మెట్లు

గుండును అసలు దారానికి నేరుగా కట్టవద్దు. మధ్యలో జానెడు నుంచి మూరెడు వరకు సన్నని నైలాన్ దారం పెట్టండి. బ్రిటన్‌లో రాళ్ల తీరాల మీద గాలం వేసేవారు దీన్ని ‘రాటెన్ బాటమ్’ అంటారు, అంటే పుచ్చిన అడుగు. మనం తెగే దారం అనుకుందాం.

అసలు దారం 30 కిలోల బలముంటే, గాలాలు కట్టిన కొమ్మ దారాలు 20 కిలోలు, గుండు దారం 6 లేదా 7 కిలోలు ఉండాలి. కొమ్మ దారం బలంలో సగానికి మించకుండా చూసుకుంటే చాలు. దారం చుట్ట మీద రాసిన అంకెను మాత్రం పూర్తిగా నమ్మకండి. ముడి పడిన చోట బలం తగ్గుతుంది, ఎండకు ఇంకా తగ్గుతుంది. కొక్కెం త్రాసుకు కట్టి ఒకసారి లాగి చూడండి.

ఇంకో కిటుకు. గుండుకు దగ్గరగా ఆ సన్న దారం మీద మామూలు ముడి ఒకటి వేయండి. నైలాన్‌కు అదే బలహీనమైన చోటు, తెగితే అక్కడే తెగుతుంది. సముద్రంలో మిగిలే దారం బెత్తెడుకు మించదు.

గుండు అడుగున, గాలాలు దానికి పైన ఉండాలి. గుండు దారం కాస్త పొడుగ్గా ఉంటే గాలాలు రాళ్లకు అందవు. గాలమే రాతికి పట్టుకుంటే తెగే దారం ఏమీ చేయలేదు. అప్పుడు కొమ్మ దారం తెగి, ఒక్క గాలంతో నష్టం ఆగాలి. మధ్య మెట్టు అందుకే. రాళ్ల మీద మూడు గాలాల కంటే ఒకటో రెండో మేలు.

విసిరేవారికి హెచ్చరిక

పడవ మీంచి చేతి గాలం దించేవారికి పైన చెప్పింది సరిపోతుంది. ఒడ్డు నుంచి కర్రతో విసిరేవారు ఇక్కడ ఆగి చదవాలి. విసురులో గుండు లాగే బలం దాని బరువుకు ఎన్నో రెట్లు. 150 గ్రాముల గుండు విసరాలంటే దారానికి 24 కిలోల బలమైనా ఉండాలన్నది అనుభవజ్ఞుల లెక్క. సన్న దారం మీద విసిరితే అది గాల్లోనే తెగి, గుండు తూటాలా పోతుంది. పక్కన మనిషి ఉంటే ప్రాణానికే ముప్పు.

దీనికి విరుగుడు చిన్న తీగ కొక్కెం. తుప్పు పట్టని తీగను గాలంలా వంచి, నోరు పైకి ఉండేలా దారం చివర కట్టండి. గుండు రింగును అందులో తగిలించండి. సన్న దారంతో కూడా గుండును దారానికి కలపండి, అది వదులుగా వేలాడాలి. విసురు భారమంతా కొక్కెం మోస్తుంది. గుండు నీటిని తాకగానే బిగువు సడలి రింగు జారిపోతుంది. అక్కడి నుంచి గుండు సన్న దారం మీదే ఉంటుంది.

ఇరుక్కున్నప్పుడు

దారాన్ని పడవకు కట్టి ఇంజన్‌తో లాగకండి. కెరటం లేచినప్పుడు చిన్న పడవ ఒరిగిపోతుంది. ముందు పడవను గుండు పడిన చోటుకు అవతలి వైపు తిప్పి, ఎదురు దిశ నుంచి లాగి చూడండి. రాకపోతే దారాన్ని కర్ర ముక్కకు చుట్టి, ముఖం పక్కకు తిప్పి, కుదుపు లేకుండా తిన్నగా లాగండి. వట్టి చేతికి ఎప్పుడూ చుట్టకండి, వేళ్లు కోసుకుపోతాయి. ఒడ్డు మీద ఉన్నవారు చిక్కు తీయడానికి తడి బండల మీదకు దిగవద్దు. పోతే పోయేది గుండే.

చేప పడ్డాక గుండు ఇరుక్కుంటే తటపటాయించకండి. తెగనివ్వండి. బరువు వదిలించుకున్న చేప సులువుగా పైకి వస్తుంది.

సీసం బదులు

పోవడానికే కట్టే బరువుకు సీసం ఎందుకు? పాత స్పార్క్ ప్లగ్గులు, పెద్ద నట్లు, ఒడ్డున దొరికే రాళ్లు చాలు. లెక్క మాత్రం మారుతుంది. నీటిలో సీసం తన బరువులో తొమ్మిదో వంతు కూడా కోల్పోదు, రాయి మూడో వంతుకు పైగా కోల్పోతుంది. 150 గ్రాముల సీసం పని చేయాలంటే ఇనుము 160 గ్రాములు, రాయి సుమారు 220 గ్రాములు కావాలి.

సీసం విషం. హంసలు మింగి చస్తున్నాయని బ్రిటన్‌లో 28 గ్రాముల లోపు సీసం గాలపు గుళ్ల అమ్మకాన్ని 1987లోనే ఆపేశారు. గుండ్లు పోత పోసేవారు వంటింట్లో ఆ పని పెట్టుకోకండి. అచ్చులో తడి ఉంటే కరిగిన సీసం చిమ్ముతుంది. సీసాన్ని పళ్లతో కొరకవద్దు, ముట్టుకున్న చేతులతో అన్నం తినవద్దు.

చివరగా మూడు పనులు. వేటకు వెళ్లే ముందు రాత్రి ఇరవై సన్న దారాలు ముళ్లతో సిద్ధంగా కట్టుకోండి. పైకి లాగిన ప్రతిసారీ కొస దారాన్ని వేళ్ల మధ్య తడమండి, గరుకు తగిలితే మార్చేయండి. నెల పాటు ఎన్ని గుండ్లు, ఎన్ని గాలాలు పోయాయో పుస్తకంలో రాయండి. గుండ్ల అంకె పెరిగి గాలాల అంకె తగ్గితే, మీ ముడి సరిగ్గా పడిందన్నమాట.