విరామం తర్వాత మళ్లీ ఉద్యోగం: అమ్మలూ, రెజ్యూమె ఇలా రాయండి



పాప పుట్టినప్పుడు ఉద్యోగం మానేశారు. ఇప్పుడు పాప నాలుగో తరగతి. ఉదయం స్కూలు బస్సు ఎక్కించాక సాయంత్రం దాకా ఇంట్లో మీరొక్కరే. మళ్లీ ఉద్యోగంలో చేరాలని ఉంది. ఇంటి ఖర్చులకు ఆసరాగా ఉంటుంది, చదివిన చదువూ ఊరికే పోదు. తీరా పాత రెజ్యూమె తెరిస్తే అది 2016 దగ్గర ఆగిపోయి ఉంటుంది. "ఈ తొమ్మిదేళ్ల ఖాళీకి ఏం రాయాలి?" అన్న ప్రశ్న దగ్గరే చాలామంది వెనక్కి తగ్గుతారు.

ఈ నెల పాఠం ఆ ఖాళీ గురించే. ఇంటి కోసం ఉద్యోగం మానేసిన నాన్నలకూ ఇది వర్తిస్తుంది.

1. ఖాళీని దాచకండి

"తెలిసినవాళ్ల కంపెనీలో చేసినట్టు ఒక ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ పెట్టెయ్" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి. చాలా కంపెనీలు పాత ఉద్యోగాల వివరాలు సరిచూసుకుంటాయి. పీఎఫ్ ఖాతాదారులకు 2014 నుంచి యూఏఎన్ నంబరు ఉంది. ఏ సంస్థలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నది అందులోనే కనిపిస్తుంది. చేరేటప్పుడు బయటపడని అబద్ధం ఏడాది తర్వాత బయటపడినా ఉద్యోగం పోతుంది, పేరూ పోతుంది.

ఒక్క వరుస చాలు: "2016 నుంచి 2025 వరకు: కుటుంబ బాధ్యతల కోసం విరామం." సంజాయిషీ అక్కర్లేదు, క్షమాపణ అంతకన్నా అక్కర్లేదు. ఇంటర్వ్యూలో అడిగినా ఆ ఒక్క మాటే చెప్పి, ఇప్పుడు మీరేం చేయగలరో చెప్పండి.

2. ముందు తెలుగులో చెప్పండి

రెజ్యూమె సాధారణంగా ఇంగ్లిష్‌లోనే పంపుతాం. కానీ నేరుగా ఇంగ్లిష్‌లో మొదలుపెడితే ఎక్కడో చదివిన పడికట్టు మాటలే వస్తాయి. అందుకే, పాత ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేసేవారో ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పండి. వాళ్లను కాగితం మీద రాయమనండి.

విజయవాడలో ఒక హోల్‌సేల్ మందుల ఏజెన్సీలో ఆరేళ్లు పనిచేసిన అకౌంటెంట్‌ను ఉదాహరణగా తీసుకుందాం.

పాత రెజ్యూమెలో ఇలా ఉంది: "అకౌంట్స్ పనులన్నీ చూసేదాన్ని."

తెలుగులో చెప్పించి రాస్తే ఇలా వచ్చింది:
• రోజుకు 60 నుంచి 70 బిల్లులు టాలీలో ఎక్కించాను.
• నెలనెలా బ్యాంకు స్టేట్‌మెంట్‌తో లెక్కలు సరిచూశాను.
• 12 మంది సిబ్బంది జీతాల పట్టిక తయారుచేశాను.
• ఏటా ఆడిట్‌కు కావలసిన పుస్తకాలు, వోచర్లు సిద్ధం చేశాను.

మనిషీ అదే, ఉద్యోగమూ అదే. మొదటి వాక్యం చదివితే ఏమీ తెలియదు. రెండోది చదివితే యజమానికి తన ఆఫీసులో ఈమెకు ఏ పని ఇవ్వవచ్చో వెంటనే తెలుస్తుంది. అంకెలు ఉజ్జాయింపుగా ఉన్నా ఫరవాలేదు, ఎక్కువచేసి మాత్రం రాయకండి. ఇంటర్వ్యూలో అడిగేది వాటి గురించే.

3. మీరు లేనప్పుడు ఏం మారిందో చూడండి

ఖాళీ కన్నా పెద్ద అడ్డంకి ఇది. మన అకౌంటెంట్ మానేసినప్పుడు వ్యాట్, సర్వీస్ ట్యాక్స్ ఉండేవి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. 2018లో ఈ-వే బిల్లు, 2020లో పెద్ద సంస్థలతో మొదలై ఈ-ఇన్‌వాయిస్ వచ్చాయి. టాలీ ఈఆర్‌పీ 9 స్థానంలో టాలీ ప్రైమ్ వచ్చింది. రెజ్యూమెలో వ్యాట్ మాత్రమే కనిపిస్తే, "ఈమెకు మొదటి నుంచీ నేర్పాలి" అనుకుంటారు.

కాబట్టి రెజ్యూమె కన్నా ముందు రెండు మూడు నెలలు నేర్చుకోవడానికి పెట్టుకోండి. జీఎస్టీఆర్-1, జీఎస్టీఆర్-3బి రిటర్నులు ఎలా వేస్తారో నేర్చుకోవాలి. టాలీ ప్రైమ్ ఎడ్యుకేషనల్ మోడ్‌లో, కొన్ని పరిమితులున్నా, డబ్బు కట్టకుండా సాధన చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో కోర్సులు ఉచితంగా వినవచ్చు, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. వీలైతే తెలిసిన ఆడిటర్ దగ్గర నెల రోజులు కూర్చోండి. అది నిజమైన అనుభవం, దాన్ని రెజ్యూమెలో పైనే రాయండి.

టీచర్లయితే ఏయే తరగతులకు ఏ సబ్జెక్టు చెప్పారో, బీఈడీ, టెట్ వివరాలు ముందు రాయాలి. సాఫ్ట్‌వేర్ వారు ఇప్పుడు వాడుకలో ఉన్న టూల్స్‌తో ఒక చిన్న ప్రాజెక్టు చేసి చూపాలి.

4. విరామంలో చేసిన పని కూడా పనే

అపార్ట్‌మెంట్ సంఘానికి కోశాధికారిగా 40 ఫ్లాట్ల మెయింటెనెన్స్ లెక్కలు చూశారా? మీవారి షాపు ఖాతాలు రాశారా? ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పారా? ఉన్నది ఉన్నట్టు రాయండి. పెద్ద పెద్ద హోదాలు తగిలించుకోవద్దు. "షాపు ఖాతాలు, నెలవారీ జీఎస్టీ బిల్లులు చూశాను" అంటే నమ్ముతారు. "ఇంటికి సీఈఓ" అంటే నవ్వుకుంటారు.

5. ఇది పెళ్లి బయోడేటా కాదు

తండ్రి పేరు, భర్త పేరు, మతం, కులం, పిల్లల సంఖ్య, ఎత్తు ఇవేవీ అక్కర్లేదు. ఆధార్, పాన్ నంబర్లు అసలు రాయకండి. మీ రెజ్యూమె ఎవరెవరి చేతుల్లోకి వెళుతుందో మీకు తెలియదు. ఇంటి నంబరు కూడా వద్దు, "పటమట, విజయవాడ" అంటే చాలు.

వరుస ఇలా ఉండాలి: పేరు, ఫోన్, ఈమెయిల్, మీ గురించి మూడు వాక్యాలు, ఇటీవలి శిక్షణ, ఉద్యోగ అనుభవం, కొత్తది ముందు, పాతది తర్వాత, చదువు. ఒక్క పేజీ, మహా అయితే రెండు. చాలాచోట్ల రెజ్యూమెను ముందు కంప్యూటరే చదువుతుంది కాబట్టి రంగులు, పట్టికలు, బొమ్మలు వద్దు. ప్రకటనలో "జీఎస్టీ రిటర్నులు" అని ఉంటే, మీకు ఆ పని వచ్చినప్పుడు, అదే మాట వాడండి. ప్రత్యేకంగా వర్డ్ ఫైలు అడగకపోతే పీడీఎఫ్ పంపండి. ఫైలుకు మీ పేరే పెట్టండి.

6. డబ్బు అడిగితే ఆగిపోండి

రెజ్యూమె ఆన్‌లైన్‌లో పెట్టాక ఫోన్లు వస్తాయి. "మీరు సెలెక్ట్ అయ్యారు, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి", "లాప్‌టాప్ డిపాజిట్ పంపండి" అంటే అది మోసమే అనుకోండి. ఓటీపీ చెప్పకండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

ఈ నెల హోంవర్క్

• మొదటి వారం: పాత ఉద్యోగంలో చేసిన పది పనులు తెలుగులో రాయండి. రిలీవింగ్ లెటర్, యూఏఎన్ నంబరు వెతికి పెట్టుకోండి.
• రెండో వారం: మీరు కోరుకునే ఉద్యోగాల ప్రకటనలు ఐదు చదవండి. వాటిలో మీకు రానివి గుర్తించండి.
• మూడో వారం: వాటిలో ఒకటి నేర్చుకోవడం మొదలుపెట్టండి.
• నాలుగో వారం: ఒక్క పేజీ రెజ్యూమె రాసి, మీ పాత సహోద్యోగి ఒకరికి పంపి తప్పులు చూడమనండి. ఆ పలకరింపే ఒక ఉద్యోగం కబురు తేవచ్చు.

సాయంత్రం పిల్లలు హోంవర్క్ చేసేటప్పుడు పక్కనే కూర్చుని మీదీ చేయండి. అక్షర దోషాలు ఉన్నాయేమో చూడమని రెజ్యూమె వాళ్ల చేతికే ఇవ్వండి. మీరు వాళ్ల నోటుబుక్కులు దిద్దినట్టే, ఈసారి వాళ్లు మీది దిద్దుతారు.