లియర్ నాటకమున ఆప్తత్వ విచారము

'ఆప్త' శబ్దమునకు రెండర్థములు ప్రసిద్ధములు. లోకవ్యవహారమున దగ్గరి బంధువు, స్నేహితుడు ఆప్తుడు. న్యాయశాస్త్రమున ఎవని వాక్యము ప్రమాణమగునో వాడు ఆప్తుడు. ఈ రెండును ఒక్కచోటనే యుండునని, తనవారు తనకు నిజమే చెప్పుదురని నమ్ముట మనుష్యస్వభావము. ఆ నమ్మకము తప్పినచోట నెట్టి యనర్థము సంభవించునో షేక్స్పియర్ 'కింగ్ లియర్' నాటకమున ప్రదర్శించెను. దీనిని కృతఘ్నులైన కుమార్తెల కథగా చెప్పుట పరిపాటి. అది అసత్యము కాదు, కాని అసంపూర్ణము. ద్రోహము చేసినవారి దోషముతోపాటు ఆప్తుని గుర్తింపజాలనివాని దోషమును ఈ నాటకము విచారణకు తెచ్చుచున్నది.

ఈ నాటకము 1606 డిసెంబరు 26న జేమ్స్ రాజు సమక్షమున ప్రదర్శింపబడెను. 1608లో ఒక పాఠము, 1623లో కొన్ని భేదములతో మరియొక పాఠము ముద్రితములయ్యెను. 1605లో అచ్చయిన పూర్వనాటకమొకటి కవికి ఆధారము. అందు రాజు తుదకు రాజ్యమును మరల పొందును. ఫిలిప్ సిడ్నీ రచించిన 'ఆర్కేడియా' నుండి, కుమారునిచే వంచితుడై కన్నులు కోల్పోయిన రాజు కథను గ్రహించి, దానిని గ్లాస్టర్ ప్రభువు వృత్తాంతముగా మార్చి, కవి లియర్ కథతో జోడించెను. ఒకే విషయమును రెండుమారులు చెప్పుట పునరుక్తి గదా యను శంక కలుగవచ్చును. ఇద్దరు తండ్రులును పొరపడినవారే యైనను, వారి పొరపాట్లు వేర్వేరు ప్రమాణములకు సంబంధించినవి. కావున ఇది పునరుక్తి కాదు.

లియర్ పొరపాటు శబ్దప్రమాణ విషయమున జరిగెను. అతడు రాజ్యమును మూడు భాగములు చేసి, తనపై ప్రేమ యెంతయో చెప్పుడని కుమార్తెల నడిగెను. గొనెరిల్, రీగన్ అతిశయోక్తులతో స్తుతించి భాగములు పొందిరి. కార్డీలియా చెప్పుటకేమియు లేదనెను. తనకుగల బంధము ననుసరించి ప్రేమింతును, అంతకు మించియు తక్కువయు కాదనెను. ఆమెకు నిర్వాసనమే ఫలమయ్యెను.

న్యాయభాష్యకారుడైన వాత్స్యాయనుడు ఆప్తునకు రెండు గుణములు చెప్పెను. అతనికి వస్తువు సాక్షాత్తుగా తెలిసియుండవలెను. తెలిసినది తెలిసినట్లు చెప్పవలెనను కోరిక యుండవలెను. ఈ లక్షణము ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు సమానమనియు ఆయన స్పష్టపరచెను. అనగా ఆప్తత్వము కులమునుబట్టి గాని రక్తసంబంధమునుబట్టి గాని సిద్ధించునది కాదు. తమ హృదయమేమో గొనెరిల్, రీగన్‌లకు చక్కగా తెలియును. ఉన్నది ఉన్నట్లు చెప్పు కోరిక మాత్రము లేదు. కార్డీలియాకు రెండును కలవు. సభలోనున్న పరదేశీయుడైన ఫ్రాన్సు రాజు ఆమె విలువ నెరిగి కట్నము లేకయే పరిణయమాడెను, కన్నతండ్రి యెరుగజాలకపోయెను.

ఇచట నొక పూర్వపక్షము కలదు. ముసలితండ్రి సంతోషమునకై కార్డీలియా ఒక ప్రియవాక్యము పలుకరాదా? ఆమె మౌనము గర్వము కాదా? ఈ యాక్షేపము త్రోసివేయదగినది కాదు. ఆమె స్వరమున తండ్రి పట్టుదలయే కొంత వినబడుచున్నది. అయినను లియర్ అడిగిన ప్రశ్నయే దుష్టము. మాటకు భూమి ప్రతిఫలమైనప్పుడు ఎంతటి సత్యవాక్యమైనను బేరమగును. చెప్పువానికి లాభమాశ చూపి సాక్ష్యమడిగినవాడు ఆ సాక్ష్యమును తానే చెరచుకొనును. కార్డీలియా ప్రేమను చెప్ప నిరాకరింపలేదు, అమ్మ నిరాకరించెను.

లియర్ ఈ పాఠమును వెంటనే నేర్వలేదు. రెండవ యంకమున కుమార్తెలు అతని నూరుగురు భటులను తగ్గింపజూచిరి. గొనెరిల్ ఏబదిమందికి, రీగన్ ఇరువదియైదుగురికి ఒప్పుకొనగా, ఏబది ఇరువదియైదునకు రెట్టింపు గనుక గొనెరిల్ ప్రేమ రెట్టింపని అతడు లెక్కవేసెను. మొదట మాటలతో కొలిచిన ప్రేమను ఇప్పుడు సంఖ్యతో కొలిచెను. ఆ సంఖ్య పదికి, ఐదుకు దిగి, తుదకు ఒక్కడైనను ఏలయను ప్రశ్నతో శూన్యమయ్యెను.

గ్లాస్టర్ అట్లు మాటలకు లొంగినవాడు కాడు. కంటికి కనబడినదానిని నమ్మినవాడు. ఎడ్మండ్ దాచుచున్నట్లు నటించిన కూటలేఖను అతడు బలవంతముగా తీసికొని చదివి, పెద్దకుమారుడైన ఎడ్గర్ తన ప్రాణము కోరుచున్నాడని నిశ్చయించెను. పిమ్మట ఎడ్మండ్ తన చేయి తానే కోసికొని, ఆ గాయము ఎడ్గర్ చేసినదని చూపెను. కనబడిన రక్తము సత్యమే; దానినుండి చేసిన అనుమానము అసత్యము. కన్నులున్నంతకాలము కన్నులే అతనిని మోసగించెను. మూడవ యంకమున కార్న్‌వాల్ ప్రభువు ఆ కన్నులు పెకలించెను. తండ్రి తనకు కంటిచూపుకంటె ప్రియుడని సభలో పలికిన గొనెరిల్‌యే ఈ శిక్షను మొదట సూచించినదగుట గమనింపదగినది. అంధుడైన గ్లాస్టర్ ఆర్తితో ఎడ్మండ్‌ను తలపగా, ద్రోహము చేసినది వాడేయని రీగన్ వెల్లడించెను. ఆమె దయతో కాక క్రౌర్యముతో చెప్పినను, అతనికి సత్యము తెలిసినది ఆ నోటనే.

మరి నిజమైన ఆప్తులేమైరి? వారిలో కొందరు వేషము మార్చుకొనవలసివచ్చెను. తప్పు తప్పని చెప్పి బహిష్కృతుడైన కెంట్ సేవకుని వేషమున మరల రాజును సేవించెను. ఎడ్గర్ పిచ్చి బిచ్చగాడై, అంధుడైన తండ్రికి చేయూతయయ్యెను. స్వరూపముతో వచ్చిన విశ్వాసమునకు చోటులేని యింట అది మారుపేరుతో ప్రవేశించెను. మహాభారతమున ధృతరాష్ట్రుడు హితము చెప్పిన విదురుని కోపించి పొమ్మనెను. కాని విరహము సహింపలేక సంజయుని పంపి పిలిపించుకొనెను. అతనికి ఆప్తుడెవరో తెలియును. పుత్రమోహముచే ఆ మాట నడపజాలడు. లియర్‌కు ఆ తెలివియే లేదు. అతడు కెంట్‌ను పిలువలేదు. కెంట్ తానై వచ్చెను. చివరి దృశ్యమున కెంట్ తన రెండు రూపములు ఒక్కటేయని చెప్పినను, వృద్ధరాజు మనస్సున కది యెక్కలేదు.

కార్డీలియాను మాత్రము లియర్ గుర్తించెను. నీవు నన్ను ద్వేషించుటకు కారణము కలదని అతడనగా, ఆమె ఏ కారణమును లేదనెను. తొలి సభలో ఇష్టపడని అతిశయోక్తిని ఆమె ఇచట క్షమతో పలికెను. దానికి ప్రతిఫలము లేదు గనుక అది నిర్దుష్టము. ఈ గుర్తింపుతో కథ ముగిసిన బాగుండునని పలువురు తలచిరి. 1681లో నహూమ్ టేట్ లియర్‌కు రాజ్యమును, కార్డీలియాకు ఎడ్గర్‌తో వివాహమును కూర్చి నాటకమును మార్చెను. 1838లో మక్రెడీ మూలమును పునరుద్ధరించువరకు ఆ మార్పే రంగస్థలమున ప్రచారమందుండెను. నిర్వహణసంధియందు శుభము కోరు సంప్రదాయమున పెరిగినవారికి టేట్ కోరిక అర్థముకానిది కాదు. అయినను ఆ మార్పుచే నాటకసారము చెడును. ఆలస్యమైన జ్ఞానము నష్టమునెల్ల పూరింపదనుటయే ఇందలి శోకమునకు మూలము.

తుదిదృశ్యమున లియర్ మృతయైన కార్డీలియాను ఎత్తికొని వచ్చి, ఊపిరి యున్నదేమోయని అద్దముతోను ఈకతోను పరీక్షించెను. 1623 పాఠమున మాత్రము అతని కడపటి మాటలు ఆమె పెదవులను చూడుడని చెప్పుచున్నవి. 1608 పాఠమున నవి లేవు. ఈ పాఠభేదము చిన్నదికాదు. ఆ పెదవులనుండి పొగడ్త కోరి, అది రానందుకు బిడ్డను త్యజించినవాడు, నేడు అవే పెదవులనుండి ఒక్క ఊపిరి వచ్చిన చాలునని చూచుచున్నాడు. ఇప్పుడతనికి ఆప్తవాక్యముతో పనిలేదు, ఆప్తురాలు కావలెను.