మనసులోని ముడి విప్పుకుందాం



లింగాల మండలంలో చీనీ తోట పెట్టుకున్న ఒక రైతును ఊహించుకోండి. ఎండాకాలంలో బోరు వట్టిపోయింది. పక్క పొలం సొంత అన్నది. ఆయన బోరులో నీళ్లున్నాయి. "అన్నా, రెండు తడులకు నీళ్లు ఇయ్యి" అని తమ్ముడు అడిగాడు. అన్న ఇవ్వలేదు. కాపు మీదున్న చెట్లు కళ్ల ముందే ఎండిపోయాయి. తర్వాత వానలు పడ్డాయి, కొత్త మొక్కలు నాటుకున్నారు. కాని తమ్ముడి గుండెలో ఆ ఎండాకాలం ఇంకా పోలేదు. ఆదివారం గుడిలో అన్న ముందు వరుసలో కనబడితే చాలు, పిడికిళ్లు బిగుసుకుంటాయి. రాత్రి నిద్ర పట్టదు. ఆ కోపం భార్య మీద, పిల్లల మీద చూపిస్తాడు.

ఇది ఉదాహరణకు చెప్పిన కథే. అయినా ఇలాంటి ముడి మనలో ఎంతమంది మనసుల్లో లేదు? మన ప్రాంతంలో పగ అనే మాటకు ఎంత బరువుందో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ ముడిని వదులు చేసుకోవడానికి తోడ్పడే ఒక సులువైన పద్ధతిని ఈ వారం నేర్చుకుందాం. దాని పేరు స్వీయ సమ్మోహనం, అంటే తనకు తానే చేసుకునే హిప్నాటిజం.

హిప్నాటిజం అంటే మంత్రమా?

హిప్నాటిజం అనగానే చాలామందికి మేజిక్ ప్రదర్శనలు గుర్తుకు వస్తాయి. తెలుగునాట దానికి ప్రచారం తెచ్చిన వారిలో ముఖ్యులు 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరామ్ గారు. ఆయన ఇంద్రజాలికులు, మానసిక నిపుణులు కూడా. కాని హిప్నాటిజం మంత్రం కాదు, చేతబడి కాదు, ఒకరి ఆత్మను మరొకరు వశం చేసుకోవడం అంతకన్నా కాదు.

ఈ సంగతిని మొదట స్పష్టంగా చెప్పినవారిలో ఒకరు మన దేశంలో పుట్టిన కతోలిక గురువే. ఆయన పేరు అబ్బే ఫరియా. 1756లో గోవాలోని కాండోలిమ్‌లో జన్మించారు, రోములో గురుపట్టం పొందారు, 1819లో పారిస్‌లో మరణించారు. ఆ కాలంలో మెస్మర్ అనే వైద్యుని అనుచరులు, మనిషి శరీరంలో ఏదో అయస్కాంత ద్రవం ప్రవహిస్తుందనీ, దానివల్లే ఈ స్థితి కలుగుతుందనీ నమ్మేవారు. ఫరియా దాన్ని ఒప్పుకోలేదు. శక్తి చేసేవాడి చేతిలో లేదు, సూచనను స్వీకరించే వాని మనసులోనే ఉంది అన్నారు. గోవా రాజధాని పణజిలో నేటికీ ఆయన విగ్రహం ఉంది. తర్వాత 1843లో జేమ్స్ బ్రెయిడ్ అనే వైద్యుడు తన గ్రంథం ద్వారా హిప్నాటిజం అనే పేరును వ్యాప్తిలోకి తెచ్చారు. 1955లో బ్రిటిష్ వైద్య సంఘం దీన్ని చికిత్సలో వాడదగిన సాధనంగా గుర్తించింది.

మరి శ్రీసభ ఏమంటుంది? 1957లో పన్నెండవ పయస్ పోపుగారు మత్తు వైద్యులకు ఇచ్చిన ప్రసంగంలో ఈ విషయాన్ని ప్రస్తావించారు. వైద్యుడు చికిత్స కోసం, శాస్త్రమూ నీతీ కోరే జాగ్రత్తలతో దీన్ని వాడవచ్చునన్నారు. అయితే ఆ అనుమతిని అన్నిరకాల హిప్నాటిజానికీ వర్తింపజేయరాదనీ హెచ్చరించారు. కాబట్టి సోదె చెప్పేవారి దగ్గరికీ, పూర్వజన్మ చూపిస్తామనే వారి దగ్గరికీ పోవడం వేరు. మన తెలివిలో మనముండి మనసును నెమ్మది పరచుకోవడం వేరు.

ఇది ఎలా పని చేస్తుంది?

కోపం, భయం, దుఃఖం మనసులోనే ఉండవు, ఒంట్లోకి దిగుతాయి. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. పాత సంగతి తలుచుకున్న ప్రతిసారీ ఒళ్లు మళ్లీ జగడానికి సిద్ధమవుతుంది. హిప్నాటిజం అంటే నిద్ర కాదు. ధ్యాస ఒకేచోట నిలిచి, ఒళ్లు సడలి, మంచి సూచనను మనసు తేలికగా అందుకునే స్థితి. కథ చదువుతూ పిలుపు కూడా వినబడనంతగా లీనమైపోతామే, ఇంచుమించు అటువంటిదే. అందరికీ ఒకేలా కుదరదు. కొందరికి త్వరగా, చాలామందికి కొంతవరకు, కొద్దిమందికి బహు తక్కువగా కుదురుతుంది. కుదరకపోతే అది మీ తప్పు కాదు.

చేసే విధానం

1. పావుగంటసేపు ఎవరూ పిలవని చోట వెన్ను నిటారుగా కూర్చోండి. తలుపు దగ్గర వేసుకోండి. వాహనం నడుపుతూ గాని, మోటారు దగ్గర గాని, పొయ్యి దగ్గర గాని చేయవద్దు.

2. ఎదురుగా ఒక గుర్తును చూడండి. గోడమీది మచ్చయినా చాలు. రెప్పలు బరువెక్కినప్పుడు కళ్లు మూసుకోండి.

3. ఊపిరి నెమ్మదిగా పీల్చి, అంతకన్నా నెమ్మదిగా వదలండి. ఇలా పదిసార్లు చేయండి.

4. పాదాల నుండి మొదలుపెట్టి పిక్కలు, తొడలు, పొట్ట, చేతులు, భుజాలు, దవడ ఒక్కొక్కటిగా బిగించి వదిలేయండి. కోపం ఉన్నవారు దవడను మరువవద్దు.

5. పది నుండి ఒకటి వరకు వెనక్కు లెక్కపెట్టండి. ఒక్కొక్క అంకెకు బావి మెట్టు ఒకటి దిగి చల్లదనంలోకి పోతున్నట్టు తలచుకోండి. బావి అంటే భయమున్నవారు చెట్టు నీడకు నడుస్తున్నట్టు తలచుకోవచ్చు.

6. ఇప్పుడు మనసులోని భారాన్ని ఒక మూటగా ఊహించుకోండి. ఎంత బరువుందో చూడండి. దాన్ని భుజం మీదినుండి దించి గట్టుమీద పెట్టండి. మనసులోనే, "జరిగింది నాకు తెలుసు. దాన్ని ఈ రోజంతా మోయనక్కరలేదు. నేను నెమ్మదిగా ఉన్నాను" అని ఐదారుసార్లు అనుకోండి. సూచన పొట్టిగా ఉండాలి. "కోపపడను" అనేకంటే "నెమ్మదిగా ఉన్నాను" అనడం మేలు.

7. ఒకటి నుండి ఐదు వరకు లెక్కపెట్టి, చేతులు కదిలించి కళ్లు తెరవండి. కొంచెం మంచినీళ్లు తాగి లేవండి.

మొదటిరోజు ఏమీ తెలియకపోవచ్చు. రోజుకు ఒకసారి చొప్పున రెండు మూడు వారాలు చేసి చూడండి.

జాగ్రత్తలు

తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారు, లేని మాటలు వినబడేవారు, మూర్ఛ ఉన్నవారు, ఘోరమైన దెబ్బ తిన్న జ్ఞాపకాలతో బాధపడేవారు వైద్యుని అడగకుండా చేయరాదు. మందులు మానరాదు. మరచిపోయిన సంగతులు తవ్వి తీయడానికి దీన్ని వాడవద్దు. అలా బయటపడినవన్నీ నిజాలు కావు. మనసు కల్పించినవి కూడా నిజాల్లాగే తోస్తాయి. ఇంట్లో కొట్టే మనిషిని ఓర్చుకోవడానికి కూడా ఇది సాధనం కాదు. అక్కడ కావలసింది రక్షణ.

ఇంకొక మాట. అప్పుల బాధలో గాని అవమానంలో గాని "నేను లేకపోతే మేలు" అనే ఆలోచన వచ్చినవారు ఈ అభ్యాసంతో సరిపెట్టుకోరాదు. వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పండి. 14416 నంబరుకు ఫోను చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ. ఉచితం, రాత్రింబగళ్లు పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ఇంటివారు పురుగుమందు డబ్బాలను ఆ మనిషికి అందనిచోట తాళం వేసి ఉంచండి.

తర్వాత ఏమి చేయాలి?

మళ్లీ మన తమ్ముని దగ్గరికి వద్దాం. మూట దించినంత మాత్రాన ఎండిన చెట్లు చిగురించవు. అన్న చేసింది ఒప్పూ అయిపోదు. క్షమించడమనేది ఊపిరి లెక్కపెడితే దానంతటది వచ్చేది కాదు. అది తెలివితో తీసుకునే నిర్ణయం. అయితే పిడికిలి బిగిసి ఉన్నప్పుడు ఆ నిర్ణయం తీసుకోలేము. ఒళ్లు సడలినప్పుడు, ఒకనాటి సాయంత్రం అన్న అరుగు మీద కూర్చుని, "అన్నా, ఆ ఏడు నాకు చాలా బాధయింది. వచ్చే ఎండాకాలానికి నీళ్ల సంగతి ఇప్పుడే మాట్లాడుకుందాం" అని చెప్పగలుగుతాడు. కావాలంటే పెద్దమనుషులను పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. అన్న వినకపోయినా, ఆ రాత్రి తన బిడ్డల మీద కసురుకోకుండా పడుకోగలుగుతాడు. అదీ చిన్న లాభం కాదు.

ఈ వారం ఇంటి అభ్యాసం: రాత్రి భోజనాలయ్యాక కుటుంబమంతా మూడవ మెట్టు వరకు కలిసి చేయండి. ఆ తర్వాత ఒక్కొక్కరు, "ఈరోజు నా మనసుకు బరువైనది ఇది" అని ఒక్క మాట చెప్పండి. మిగిలినవారు బదులు చెప్పకుండా వినండి. పిల్లలు చెప్పినప్పుడు మరీ శ్రద్ధగా వినండి.