మీ పేరు మీద ఇంకొకరు: ఉప్పుగూడ ఇళ్లకు చిట్కాలు

హైదరాబాద్ పాతబస్తీలోని ఉప్పుగూడ నుంచి శంషీర్‌గంజ్ ఎంతో దూరం కాదు. అక్కడి స్టేట్ బ్యాంకు శాఖలో తెరిచిన ఆరు ఖాతాల గుండా 2024 మార్చి, ఏప్రిల్ నెలల్లో సుమారు 175 కోట్ల రూపాయలు నడిచాయని అదే ఏడాది ఆగస్టులో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో బయటపెట్టింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన దాదాపు 600 ఫిర్యాదుల తీగ లాగితే ఈ ఖాతాల దగ్గర డొంక కదిలింది. మొదట అరెస్టయింది ఇద్దరు ఆటోడ్రైవర్లు, ఆ తర్వాత బ్యాంకు మేనేజరు, ఒక జిమ్ ట్రైనర్. కమీషన్ ఆశ చూపి పేదవాళ్ల చేత ఖాతాలు తెరిపించారనీ, చెక్కుల మీద ముందే సంతకాలు తీసుకున్నారనీ పోలీసులు చెప్పారు. సైబర్ నేరం అనగానే ఎక్కడో జార్ఖండ్‌లోని జామ్‌తారాలో కూర్చున్న కుర్రాడు గుర్తొస్తాడు. పాతబస్తీలో నన్ను అంతకంటే కలవరపెట్టేది మన గల్లీలో, మన ఆధార్ కార్డుతో జరిగే పని. అందుకే ఈ చిట్కాలు.

1. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో ఎవరు తిడతారో, ఎవరు నవ్వుతారో తర్వాత చూసుకోవచ్చు. ఆ నంబరులో మాట్లాడేవాళ్లు మీ ఫిర్యాదును నమోదు చేసి వెంటనే బ్యాంకులకు పంపుతారు. డబ్బు చేరిన ఖాతాలో అది ఇంకా ఉంటే బ్యాంకు అక్కడే నిలిపేస్తుంది, ఇంకో బ్యాంకుకు దాటితే అక్కడికీ సమాచారం వెళుతుంది. ఏటీఎంలో తీసేసినా, క్రిప్టోగా మార్చేసినా ఇక పట్టుకోవడం కష్టం. మొదటి గంట అంత విలువైనది. ఫోన్ చేసేముందు మీ ఖాతా నంబరు, పోయిన మొత్తం, సమయం, యూపీఐ లావాదేవీకి ఉండే 12 అంకెల నంబరు దగ్గర పెట్టుకోండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరోకు 8712672222 అనే వాట్సాప్ నంబరు ఉంది. 1930ని పెద్ద అంకెల్లో రాసి ఫ్రిజ్ మీదో, దేవుడి గది తలుపు మీదో అతికించండి.

2. మీ బ్యాంకు ఖాతాను ఎవరికీ వాడుకోనివ్వకండి. నా దృష్టిలో ఈ జాబితా మొత్తంలో ముఖ్యమైనది ఇదే. అడిగేవాడు అపరిచితుడై ఉండడు. పక్కింటి పిల్లాడో, మరిది స్నేహితుడో, క్రికెట్ ఆడే చోట పరిచయమైనవాడో ఉంటాడు. "అన్నా, నా అకౌంట్ లాక్ అయింది, నీ దాంట్ల డబ్బులు వేయించుకుంట, రెండు వేలు నువ్వు ఉంచుకో" అంటాడు. ఇంకొకడు కరెంట్ ఖాతా తెరిపించి, ఏటీఎం కార్డు, చెక్కుబుక్కు, ఆ ఖాతాకు ఇచ్చిన సిమ్ మొత్తం తీసుకుని నెలకింత ఇస్తానంటాడు. ఆ ఖాతాలోకి వచ్చేది విశాఖలోనో నాగపూర్‌లోనో ఒక రిటైర్డ్ మాస్టారు పోగొట్టుకున్న పింఛను సొమ్ము కావచ్చు. పోలీసులు డబ్బు వెళ్లిన దారి పట్టుకుని వస్తారు కాబట్టి మొదట దొరికే పేరు ఖాతాదారుడిది. వెనక ఉండి నడిపించినవాడు దుబాయ్‌లో ఉంటాడు, ఇక్కడ జైలుకు వెళ్లేది రెండు వేలు తీసుకున్న అబ్బాయి. "నాకు తెలియదు సార్" అన్న ఒక్క మాటతో బయటపడటం తేలిక కాదు. ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద కంప్యూటర్ సాధనాలతో వేషం మార్చి మోసం చేస్తే మూడేళ్ల వరకు జైలు. దానికి భారతీయ న్యాయ సంహితలోని మోసం సెక్షన్లు తోడవుతాయి. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలున్న తల్లిదండ్రులు ఈ ముక్క కూర్చోబెట్టి చెప్పాలి. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈ రోజే బ్యాంకుకు వెళ్లి రాతపూర్వకంగా తెలిపి ఖాతా ఆపించండి, లాయరును కలిసి పోలీసులకు మీరే ముందుగా చెప్పండి.

3. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు) తెరవకండి. అది పెళ్లి పత్రిక పేరుతో వస్తుంది, ట్రాఫిక్ చలానా పేరుతో వస్తుంది, పీఎం కిసాన్ అనీ బ్యాంకు రివార్డు అనీ వస్తుంది. తెలిసినవాళ్ల నంబరు నుంచే రావచ్చు, ఎందుకంటే వాళ్ల ఫోన్ అప్పటికే దొంగ చేతిలో ఉండొచ్చు. లోపల ఉండేది ఒక నిఘా యాప్. మీకొచ్చే ఎస్సెమ్మెస్‌లను, వాటితో పాటు ఓటీపీలను, వేరే ఫోన్‌కు పంపేస్తుంది. మీరు ఎవరికీ ఓటీపీ చెప్పకుండానే ఖాతా ఖాళీ అవుతుంది. చలానా నిజమో కాదో తెలంగాణ ట్రాఫిక్ పోలీసుల ఈ-చలాన్ సైటులో బండి నంబరు కొడితే తెలుస్తుంది. పొరపాటున తెరిచారా? ముందు డేటా, వైఫై ఆపండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు, 1930కి చెప్పండి. ఆధారాల కోసం ఆ మెసేజ్‌ను వేరే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుని, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి.

4. "కస్టమర్ కేర్" అంటూ స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమంటే ఫోన్ పెట్టేయండి. కారణాలు చెప్పనక్కర్లేదు.

5. ఆధార్ జిరాక్స్ ఇచ్చేటప్పుడు మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్ జారీచేసే సంస్థ ఉడాయ్ వెబ్‌సైటు నుంచి దాన్ని దించుకోవచ్చు. జిరాక్స్ మీద అడ్డంగా ఎందుకు ఇస్తున్నారో, ఏ తేదీన ఇస్తున్నారో రాయండి. ఇది చాదస్తం కాదు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులమ్మే ఒక వ్యక్తి, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో ఉన్న భూమి దస్తావేజుల నుంచి జనం వేలిముద్రలు, ఆధార్ నంబర్లు తీసుకుని, రబ్బరు ముద్రలు చేసి వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు పట్టుకున్నారు. భూమి అమ్మినవాళ్లకు, కొన్నవాళ్లకు తమ పేరు మీద సిమ్‌లు పుట్టాయన్న సంగతే తెలియదు. వేలిముద్రతో బ్యాంకు డబ్బు తీసే సదుపాయం ఉన్నన్నాళ్లూ బయోమెట్రిక్ లాక్ వేసుకోవడం మేలు. ఎం-ఆధార్ యాప్‌లో అది ఉచితం. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: లాక్ ఉంటే రేషన్ దుకాణంలో కూడా వేలిముద్ర పడదు. బియ్యానికి వెళ్లేముందు కాసేపు లాక్ తెరిచి, వచ్చాక మళ్లీ పడిందో లేదో చూసుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్ల ఆధార్‌కు ఈ పని పిల్లలే చేసిపెట్టాలి.

6. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో చూడండి. మీవి కానివి కనిపిస్తే అక్కడే "నాది కాదు" అని చెప్పవచ్చు. ఎంఎంటీఎస్‌లోనో, బోనాల జాతరలోనో ఫోన్ పోతే అదే పోర్టల్‌లో పోయిన ఫోన్ల కోసం ఉన్న సీఈఐఆర్‌లో ఫోన్‌ను బ్లాక్ చేయించవచ్చు. దానికి ఐఎంఈఐ నంబరు, పోలీసు ఫిర్యాదు కావాలి. ఐఎంఈఐ ఫోన్ డబ్బా మీద ఉంటుంది కాబట్టి డబ్బా పారేయకండి. ఎవరైనా ఫోన్ చేసి *401* తర్వాత ఒక నంబరు కొట్టమంటే కొట్టకండి. మీ కాల్స్ అన్నీ వాళ్లకు మళ్లిపోవచ్చు.

7. చిన్న అప్పు కోసం పెద్ద ఆపద తెచ్చుకోవద్దు. 2020 డిసెంబరులో లోన్ యాప్‌ల వేధింపులు తాళలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు, అరెస్టయినవాళ్లలో చైనా జాతీయుడు కూడా ఉన్నాడు. ఆ యాప్‌ల పద్ధతి నిఘా సాఫ్ట్‌వేర్ పద్ధతే: వేసుకోగానే కాంటాక్టులు, ఫొటోలు లాగేయడం, వాయిదా తప్పితే మార్ఫింగ్ బొమ్మలు బంధువులకు పంపడం. 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అప్పు యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు, కాల్ జాబితా చూడకూడదు. అడిగిందంటే అది దొంగ యాప్ అనుకోండి. ఇప్పటికే బెదిరిస్తుంటే ఇంకా కట్టకండి. స్క్రీన్‌షాట్లు తీసి ఫిర్యాదు చేయండి, బంధువులకు మీరే ముందు చెప్పండి. మీరు ముందే చెబితే వాళ్ల బెదిరింపులో సగం బలం పోతుంది.

8. డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదు. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని ఎవరు కనిపించినా, ఏ సీబీఐ పేరు చెప్పినా, కట్ చేసి ఇంట్లోవాళ్లను పిలవండి.

9. ఇంట్లోవాళ్ల ఫోన్‌లో దొంగచాటుగా నిఘా యాప్ వేయడం కూడా నేరమే. భార్య మీద భర్త, ప్రేమించానని చెప్పుకునేవాడు అమ్మాయి మీద వేస్తుంటారు. ఇలాంటివి చాలామటుకు బయటకు రావు. ఫోన్ కాసేపు చేతిలో ఉంటే చాలు, పని అయిపోతుంది. బ్యాటరీ మాటిమాటికీ అయిపోతుంటే, మీరు ఎవరితోనూ చెప్పని మాటలు అవతలివాళ్లకు తెలుస్తుంటే అనుమానించండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ యాప్స్ చూడండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి. అయితే వెంటనే తీసేయకండి. తీసేస్తే అవతలివాడికి తెలుస్తుంది, కొట్టే మనిషైతే ప్రమాదం. ఇంకో ఫోన్ నుంచి, మహిళల రక్షణకు పోలీసులు నడిపే షీ టీమ్స్‌ను సంప్రదించండి. ఇవి 2014 అక్టోబరు నుంచి హైదరాబాద్‌లో ఉన్నాయి, ఫిర్యాదు చేసినవారి పేరు బయటపెట్టరు.

10. ఫోన్ అప్‌డేట్ అడిగిన రోజే చేయండి. పెగాసస్ లాంటి ఖరీదైన నిఘా సాఫ్ట్‌వేర్ మామూలు ఇళ్ల మీదకు రావడం అరుదు. కానీ అది మనకు సంబంధం లేనిది కూడా కాదు. 2023 అక్టోబరు 31న ప్రభుత్వ మద్దతున్న దాడి జరుగుతోందని యాపిల్ హెచ్చరిక అందుకున్నామని చెప్పిన ప్రతిపక్ష నాయకుల్లో ఈ ప్రాంతపు ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ ఒకరు. 2024 మార్చిలో పంజాగుట్ట ఠాణాలో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసు నిందితుల్లో పోలీసు అధికారులూ ఉన్నారు. రక్షించాల్సిన చేతులు కూడా హద్దు దాటవచ్చని అందుకే గుర్తుంచుకోవాలి.

11. పోలీసులు రోడ్డు మీద ఆపి వాట్సాప్ చూపించమంటే ఎందుకని అడిగే హక్కు మీకుంది. 2021 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు బండ్లు ఆపి, ఫోన్లలో గంజాయి అన్న మాట కోసం వెతుకుతున్న వీడియో అందరూ చూశారు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది. గొంతు పెంచకుండా, "సార్, ఏ కేసు? నోటీసు ఉందా?" అని అడగండి. ఫోన్ స్వాధీనం చేసుకుంటే పంచనామా ప్రతి అడగండి. సోదాను వీడియో తీయాలని 2023 భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 105వ సెక్షన్ చెబుతోంది. మన పిల్లలకు ఈ రెండు ప్రశ్నలు మర్యాదగా అడగడం నేర్పడం అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

12. ఠాణాలో "మా పరిధి కాదు" అంటే తిరిగి రాకండి. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షన్ చెబుతోంది. ఛత్రినాకలో ఇచ్చినా సరే, సైబర్ క్రైమ్ ఠాణాలో ఇచ్చినా సరే. ఆన్‌లైన్‌లో సమాచారం పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఐటీ చట్టం కేసుల దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ లేదా ఆపై స్థాయి అధికారే చేయాలి కాబట్టి ఆయన పేరు, ఎఫ్ఐఆర్ నంబరు రాసుకోండి.

13. బ్యాంకుకు విడిగా రాతపూర్వకంగా చెప్పండి. మీ తప్పు లేకుండా, బ్యాంకు తప్పూ లేకుండా డబ్బు పోతే, మూడు పనిదినాల్లో తెలిపితే నష్టం మీది కాదని 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. మీరే ఓటీపీ చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయింది మీ నష్టం, తెలిపాక పోయేది బ్యాంకుది. అందుకే తెలిపిన సమయానికి రుజువు ఉంచుకోండి.

14. తప్పు చేయకుండా మీ ఖాతా ఆగిపోతే భయపడి ఇంట్లో కూర్చోకండి. కిరాణా దుకాణంలో క్యూఆర్ కోడ్ మీద ఎవరో కొట్టిన దొంగ డబ్బు వల్ల కూడా ఇలా జరుగుతుంది. ఏ రాష్ట్ర పోలీసులు, ఏ ఫిర్యాదు నంబరు మీద, ఎంత మొత్తం ఆపమన్నారో బ్యాంకును రాతలో అడగండి. అమ్మిన సరుకు బిల్లుతో ఆ అధికారికి రాయండి. వివాదం ఉన్నంత మొత్తం మాత్రమే ఆపి మిగతాది వదలమని కోరండి.

15. బ్యాంకులో నిలిపేసిన మీ డబ్బు దానంతటది తిరిగి రాదు, కోర్టు ఉత్తర్వు కావాల్సి రావచ్చు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు ఇలా వాపసు ఇప్పిస్తున్నారు. ఫిర్యాదు నంబరు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆధార్ తీసుకుని ఠాణాకు వెళ్లి, వచ్చే లోక్ అదాలత్‌లో మీ కేసు పెట్టమని అడగండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఉచితంగా లాయరును ఇచ్చే న్యాయసేవాధికార సంస్థ పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టులో ఉంది.