బూట్లు విప్పేసి పరిగెత్తవచ్చా?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. రోజూ ఉదయం పరిగెడతాను. బూట్లు లేకుండా పరిగెడితే మోకాళ్ల నొప్పులు రావని మా రన్నింగ్ గ్రూపులో కొందరు అంటున్నారు. నిజమేనా?

జవాబు: సగమే నిజమండీ. వట్టి కాళ్లతో పరిగెత్తడం అలవాటైనవారు ఎక్కువగా మడమకు బదులు పాదం ముందుభాగం మోపుతారు. దాంతో మోకాలిపై భారం కొంత తగ్గుతుంది. కానీ అది పోయేదెక్కడికి? పిక్కల మీద, మడమ వెనక ఉండే స్నాయువు మీద పడుతుంది. పలుచని అడుగున్న బూట్లతోనూ ఇదే తంతు. వట్టి కాళ్ల పరుగు అనగానే ఉదాహరణగా చెప్పే ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా 1960లో రోమ్ ఒలింపిక్ మారథాన్‌ను వట్టి కాళ్లతో గెలిచాడు. 1964లో టోక్యోలో బూట్లేసుకుని గెలిచాడు. ఈ రెండో సంగతి మీ మిత్రులు చెప్పి ఉండరు! సరదా ఉంటే పార్కు పచ్చికలో అయిదు నిమిషాలతో మొదలుపెట్టి, కొన్ని నెలల్లో మెల్లగా పెంచండి. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గి ఉంటే మాత్రం ఈ ప్రయోగం వద్దు.