పాత కెమెరా లెన్సు వయసు చెప్పడం ఎలా?



భౌతికశాస్త్రంలో కటకాలు, నాభ్యంతరం అని మనం చదివేదంతా కెమెరా లెన్సులో పనిచేస్తూ కనబడుతుంది. ఫిలిం కాలం నాటి లెన్సులు చాలావాటిని ఒక అడాప్టర్ రింగుతో ఇప్పటి డిజిటల్ కెమెరాలకు బిగించుకోవచ్చు. అందుకే వాటికి మళ్ళీ గిరాకీ వచ్చింది. దాంతోపాటు "ఇది యుద్ధానికి ముందు నాటి జర్మన్ లెన్సు" అని చెప్పి ఎక్కువ ధర గుంజేవాళ్ళూ తయారయ్యారు. ఫోటోగ్రఫీతో బతుకుదామనుకునే మన పిల్లలు కూడబెట్టుకున్న డబ్బు అలాంటి మాటలకు పోకూడదు. లెన్సు వయసు అమ్మేవాడిని కాదు, లెన్సునే అడగాలి.

ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. చాలా గుర్తులు తేదీ చెప్పవు. "ఇంతకు ముందుది కాదు", "దీని తరువాతది కాదు" అని హద్దు మాత్రమే గీస్తాయి. ఆ హద్దులన్నీ కలిసే చోటే అసలు వయసు ఉంటుంది.

1. పేరు, అంకెలు

ముందు రింగు మీద "హీలియోస్-44-2, 2/58" అని ఉందనుకోండి. 58 అంటే నాభ్యంతరం, మిల్లీమీటర్లలో. దాన్ని 2తో భాగిస్తే వచ్చే 29 మిల్లీమీటర్లు వెలుగు ప్రవేశించే ద్వారం వ్యాసం. ఇది సోవియట్ జెనిట్ కెమెరాలతో వచ్చిన లెన్సు. జర్మనీ వారి బయోటార్ నమూనాను అనుసరించి చేసింది.

2. దేశం పేరు

"యు.ఎస్.ఎస్.ఆర్." అని ఉంటే 1991 తరువాతది కాదు. తూర్పు జర్మనీని సూచించే "డి.డి.ఆర్." అని ఉంటే 1949-1990 మధ్యది. "ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే యుద్ధం ముగిశాక, 1952 లోపు చేసినది.

3. గాజు మీది పూత

పూత లేని గాజు ఒక్కో తలం దగ్గర సుమారు 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది. హీలియోస్-44లో గాలికి తగిలే తలాలు 8. పూత లేకపోతే నాలుగో వంతుకు పైగా వెలుగు అక్కడే పోతుంది. దీనికి విరుగుడుగా జర్మనీలోని జైస్ కంపెనీలో పనిచేసిన అలెగ్జాండర్ స్మకులా 1935లో పలుచని పూతను కనిపెట్టాడు.

లెన్సును ట్యూబులైటు కింద వాల్చి చూడండి. ప్రతిబింబాలు తెల్లగా ఉంటే పూత లేనట్టే. నీలం, ఊదా వంటి ఒకే రంగు ఛాయ ఉంటే ఒకే పూత. ఆకుపచ్చతో సహా పలు రంగులు కనిపిస్తే బహుళ పూతలు, అంటే చాలావరకు 1970ల నుంచి వచ్చినవి. సూర్యుడి వైపు మాత్రం లెన్సులోంచి ఎప్పుడూ చూడకండి.

4. నంబరు

చాలా సోవియట్ లెన్సుల్లో నంబరులోని మొదటి రెండు అంకెలే తయారైన సంవత్సరం. 77తో మొదలైతే 1977. కానీ ఈ లెక్కను జర్మన్, జపాన్ లెన్సులకు వాడితే తప్పు వస్తుంది.

కానన్ పద్ధతి వేరు. పాత కానన్ లెన్సుల వెనుక వైపు ఒక చిన్న కోడ్ ఉంటుంది. మొదటి అక్షరం ఫ్యాక్టరీది, రెండోది సంవత్సరానిది, తరువాతి రెండు అంకెలు నెల. 1960కి ఇంగ్లీషు అక్షరం "ఎ". 26 అక్షరాలు అయిపోగానే 1986లో మళ్ళీ "ఎ". కాబట్టి "ఆర్" అంటే 1977 కావచ్చు, 2003 కావచ్చు. అది ఆటోఫోకస్ ఇ.ఎఫ్. లెన్సైతే 2003 అనే చెప్పాలి. ఎందుకంటే ఆ బిగింపు 1987లో గాని రాలేదు.

5. బిగింపు, మరలు

కెమెరాకు తగిలించే విధానం కూడా సాక్ష్యమే. 42 మిల్లీమీటర్ల మర బిగింపు 1940ల చివర వచ్చింది. నికాన్ ఎఫ్ బిగింపు 1959లో, పెంటాక్స్ కె బిగింపు 1975లో వచ్చాయి.

చివరగా మరల తలలు చూడండి. గీతలు పడి ఉంటే ఎవరో విప్పారని అర్థం. ముందు రింగు వేరే లెన్సుది అయివుండవచ్చు. పేరు చెప్పేదీ, గాజు చెప్పేదీ, బిగింపు చెప్పేదీ ఒకటి కాకపోతే కొనకండి.

అభ్యాసం

ఒక లెన్సును "1940 నాటి జర్మన్ సరుకు" అని అమ్ముతున్నారు. దానికి 42 మిల్లీమీటర్ల మర ఉంది. నంబరు 77తో మొదలైంది. సమలంబ చతుర్భుజాకారపు పట్టకం, అందులోంచి సాగే కిరణం ముద్రగా ఉన్నాయి. మీరేమంటారు?

జవాబు: మర బిగింపు ఉంది కాబట్టి 1940 నాటిది కాదు. ఆ ముద్ర మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీది, కాబట్టి జర్మన్ సరుకూ కాదు. నంబరు ప్రకారం 1977 నాటిది. లెన్సు మంచిదే కావచ్చు, చెప్పిన కథ మాత్రం అబద్ధం. దాని ధర దానికి ఇవ్వండి, కథకు ఇవ్వకండి.

చెప్పేవాడు పెద్ద స్టూడియో యజమానైనా సరే, వినయంగా "ఒకసారి చూడనివ్వండి" అని లెన్సు చేతిలోకి తీసుకోండి. చదవడం వచ్చినవాడిని మోసం చేయడం కష్టం.